లేని ఆయాసం

ఐదేళ్లుగా మా ఇంట్లో ఒక జబ్బు గురించి మాట్లాడుకుంటున్నాం. ఆ జబ్బు ఎవరికీ లేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇన్నేళ్లూ దాన్ని మోస్తూ తిరిగాను. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరు నా ముఖం చూడరు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

ముందే ఒక మాట. నేను కష్టాల్లో లేను. వికారాబాద్‌లో అమ్మానాన్నలతో ఉంటూ డిగ్రీ చదువుకుంటున్నాను. రోజులు బాగానే గడుస్తున్నాయి. ఇబ్బంది అక్కడే ఉంది. ఏదైనా కష్టం వచ్చి ఉంటే, చేసినదానికి శిక్ష పడిందిలే అని సర్దిచెప్పుకునేదాన్ని. అలాంటిదేమీ రాలేదు.

మాది తాండూరు. నాన్న నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్‌లో మెషిన్ నడిపేవాడు. తాత కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసేవాడు. నాన్నకు ఆ పని ఇష్టం లేక పెళ్లికి ముందే తాండూరు వచ్చేశాడు. అమ్మ బట్టలు కుట్టేది. పక్కింటి శరణమ్మతో కలిసి గల్లీ చివర చిన్న టైలరింగ్ షాపు పెట్టుకుంది. శరణమ్మ పుట్టిల్లు కర్ణాటక వైపు. కన్నడంలో మొదలుపెట్టిన మాటను తెలుగులో ముగించేది. ఇద్దరి మిషన్లూ ఎదురెదురుగా ఉండేవి. అమ్మ కడుపు పట్టుకుని నవ్వడం నేను ఆ షాపులోనే చూశాను.

లాక్‌డౌన్ అయిపోయి బడులు తెరిచినప్పుడు నేను తొమ్మిదో తరగతి. బడిలో నన్నెవరూ ఏడిపించలేదు. సార్లు కూడా మంచివాళ్లే. నాకు ఏదైనా ఆలస్యంగా అర్థమవుతుంది, అంతే. బోర్డు మీద లెక్కలో మొదటి వరుస దగ్గరే నేను ఆగిపోయి, ఇది ఇలా ఎందుకయింది అని ఆలోచిస్తూ ఉండగానే సార్ లెక్క ముగించి, చేతుల సుద్ద దులుపుకుని, అర్థమైందా అని అడిగేవారు. క్లాసంతా అయిందనేది. నేనూ అయిందనేదాన్ని. ఇంటికి వచ్చాక పుస్తకం తెరవాలంటే భయమేసేది.

లాక్‌డౌన్‌లో పాఠాలు ఫోన్‌లోకి వచ్చాయి. పాఠాన్ని ఆపవచ్చని, వెనక్కి జరిపి మళ్లీ వినవచ్చని అప్పుడే తెలిసింది. ఒకే పాఠం నాలుగైదు సార్లు విన్నా విసుక్కునేవాళ్లు లేరు. నేను మొద్దుదాన్ని కానేమో అని మొదటిసారి అనుకున్నది ఆ రోజుల్లోనే. మళ్లీ బడి అనేసరికి ఆ కాస్త సంతోషం పోతుందనిపించింది. ఇంటి నుంచే, మన వీలును బట్టి చదువుకునే ఆన్‌లైన్ స్కూల్ ఒకటి ఉందని ఫోన్‌లోనే చూశాను. పాఠాలు వాళ్లు చెబుతారు, పరీక్షలు మాత్రం ఓపెన్ స్కూల్ ద్వారా సెంటర్‌కి వెళ్లి రాయాలి. అక్కడ చదువుతానని ఇంట్లో అడిగితే సరిపోయేది. నేను అడగలేదు. ఇష్టం అనేది ఒక కారణమా, ఎవరు ఒప్పుకుంటారు అనుకున్నాను. అమ్మ ఒప్పుకోదని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

మొదటి దగ్గు నిజమైనదే. బడికి వెళుతుంటే బండల లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. దగ్గు ఆగక ఇంటికి తిరిగి వచ్చాను. అమ్మ నా వీపు నిమిరి, ఆ పూటకు బడి వద్దంది. మర్నాడు దుమ్ము లేకుండానే దగ్గాను. వారం తిరిగేసరికి భుజాలు పైకెత్తి ఊపిరి తీయడం, మాట మధ్యలో ఆగి ఛాతీ పట్టుకోవడం బాగా వచ్చేశాయి. నేర్చుకోవడానికి దూరం పోలేదు. నాన్న రాతి దుమ్ములో పనిచేసి వచ్చి రోజూ దగ్గేవాడు. ఆయన్ను చూసి నేర్చుకున్నాను. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి చూశారు. ఛాతీలో ఏమీ వినిపించడం లేదు కానీ దుమ్ము పడకపోవచ్చు అని చెప్పి, పీల్చుకునే మందు రాసిచ్చారు. దాన్ని బాత్రూంలోకి తీసుకెళ్లి గాలిలోకి నొక్కేదాన్ని. గల్లీలో ఒక పెద్దాయన నాన్నతో, అనంతగిరి గాలి ఛాతీకి మంచిదని, వెనుకటి రోజుల్లో ఛాతీ రోగులను అక్కడికే తీసుకుపోయేవారని చెప్పాడు. ఆ మాట మా ఇంట్లో పాతుకుపోయింది.

ఒక సాయంత్రం అమ్మ గడప మీద కూర్చుని జాకెట్ కుట్లు విప్పుతోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిజం చెప్పు బిడ్డా. నీకు బడికి పోబుద్ధి అయితలేదా?"

నేను జాకెట్ నుంచి రాలిన దారం ముక్కలు ఏరుతూ కూర్చున్నాను.

"గదే అయితే గదే చెప్పు. మీ నాయినకు నేను చెప్పుకుంట. కొట్టం, తిట్టం. దమ్ము ఆడ్తలేదంటే మాత్రం ఇంక ఈడ ఉండుడు గాదు. నేను షాపు ఇడిసిపెట్టాలె, మీ నాయిన రైల్ల తిరగాలె. అందుకే అడుగుతున్న."

"ఆడ్తలేదమ్మా."

అమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత మళ్లీ కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"సరే. అయితే పోదాం తియ్," అంది.

అంతే జరిగింది. నిజం చెప్పడానికి ఆమె తలుపు తెరిచి పట్టుకున్నట్టే. అంతకంటే సులువుగా ఎవరూ అడగలేరు. చిన్నపిల్లవు, నీకేం తెలుసు అని మీరు అనవచ్చు. ఆమె ఏం వదులుకోబోతోందో ఆమే చెప్పింది. నేను విన్నాను. విని, ఆ మాట అన్నాను.

వికారాబాద్‌లో అనంతగిరి వెళ్లే దారిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అమ్మ తన మిషన్ తెచ్చుకుంది. నాన్న పొద్దున్నే రైలెక్కి తాండూరు వెళ్లి, చీకటిపడ్డాక వచ్చేవాడు. బడి దారిలో ఎక్కడైనా దుమ్మే కదా అని చెప్పి, నేను ఆన్‌లైన్ స్కూల్లో చేరాను.

ఆ చదువు గురించి అబద్ధం చెప్పలేను. నాకు అది చాలా నచ్చింది. పొద్దున అమ్మకు సాయం చేసి, మేడ మీద నీడ చూసుకుని కూర్చునేదాన్ని. ఎదురుగా కొండలు. వాన పడుతుంటే లోపలికి వచ్చి, వాన ఆగాక మళ్లీ పాఠం పెట్టుకునేదాన్ని. అర్థంకాని చోట ఆపేదాన్ని. ఒక్కోసారి ఒక్క లెక్క మీదే పూటంతా గడిచేది, ఆ పూట వృథా అయిందని ఎవరూ అనలేదు. వారంలో రెండు రోజులు అందరం తెర మీద కలిసేవాళ్లం. లెక్కల మేడమ్ అర్థమైందా అని అడిగేది కాదు. ఎక్కడ ఆగావు అని అడిగేది. ఆగడం తప్పు కాదని నాకు ఆమె దగ్గరే తెలిసింది.

మొదటి రోజు ఆమె, ఈ బడికి ఎందుకు వచ్చారో చెప్పమని అందరినీ అడిగింది. మర్పల్లి దగ్గరి ఒక అమ్మాయి, పగలంతా పత్తి చేలో పని ఉంటుందని, సాయంత్రమే చదువుకోగలనని చెప్పింది. నా వంతు వచ్చింది. నాకు ఆయాసం, దుమ్ము పడదు అన్నాను. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా ఆ అమ్మాయి మొదట నా దమ్ము ఎట్లుందని అడిగేది. మంచిగైందని చెప్పేదాన్ని. ఆమె సంతోషించేది. అలసిపోయిన మనిషి దగ్గర నేను జాలి తీసుకున్నాను.

పదో తరగతి పరీక్షల సెంటర్ తాండూరులోనే పడింది. అమ్మ నా ముక్కుకు, నోటికి చున్నీ కట్టి, పీల్చే మందు సంచిలో వేసుకుని వెంట వచ్చింది. హాల్లో చున్నీ తీసేసి రాశాను. బయట లారీలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కసారి కూడా దగ్గు రాలేదు. రావాలన్న సంగతి కూడా మరిచిపోయాను. బాగా రాశానన్న సంతోషంతో బయటికి వచ్చేసరికి గేటు పక్కన అమ్మ, శరణమ్మ కూర్చుని ఉన్నారు. అమ్మ వస్తుందని తెలిసి శరణమ్మ షాపు మూసేసి వచ్చింది. ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు విని చాలా రోజులైందని అప్పుడే తట్టింది.

"నీ మిషన్ జాగ ఇంక గట్లనే ఉంచిన అక్కా," అంటోంది శరణమ్మ. "బిడ్డకు మంచిగనే అయింది గద. మళ్ల రారాదు?"

అమ్మ తలెత్తి నన్ను చూసింది. వద్దామా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

నేను దగ్గాను.

అమ్మ వెంటనే లేచి నా ముఖానికి చున్నీ కట్టింది. గడప మీద జరిగినదానికి భయం, చిన్నతనం అని ఏవో పేర్లు పెట్టుకున్నాను. గేటు దగ్గర జరిగినదానికి ఏ పేరూ దొరకలేదు. అప్పటికి నాకు కొండ ముందున్న ఆ మేడ, ఆ చదువు అలవాటయ్యాయి. అవి పోకూడదనుకున్నాను. ఆన్‌లైన్ బడి తాండూరులో కూడా నడుస్తుంది కదా అని మీరు అడుగుతారు. నడుస్తుంది. కానీ దుమ్ము పడని పిల్ల తాండూరులో బాగానే ఉందంటే నా అబద్ధం బయటపడుతుంది. అమ్మ నవ్వుకంటే నా మాటే ముఖ్యమైంది.

ఆ ఏడాదే శరణమ్మ షాపులో ఇంకొకరిని చేర్చుకుంది. అమ్మ ఆ వార్త చెప్పి, మంచిపని చేసింది, ఎన్నాళ్లని చూస్తుంది అంది.

ఇంకొకటి కూడా జరిగింది. దాన్ని దాచడం న్యాయం కాదు. రోజూ రైలు ప్రయాణంతో విసిగి నాన్న ఆ యూనిట్ మానేశాడు. వికారాబాద్‌లోనే టైల్స్ షాపులో పనికి కుదిరాడు. కొన్ని నెలల్లో ఆయన దగ్గు తగ్గింది. అది నిజమైన దగ్గు. ఇంకొన్నాళ్లు ఆ దుమ్ములో ఉండి ఉంటే కష్టమయ్యేదని డాక్టర్ చెప్పారు. అప్పటి నుంచి చుట్టాలు ఎవరొచ్చినా నాన్న, నా బిడ్డ దమ్మే నన్ను బతికిచ్చింది అంటాడు. నేను తల వంచుకుంటాను. సిగ్గుపడుతున్నాననుకుంటారు.

పోనీ, మేలే జరిగింది కదా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు వేసుకున్నాను. జవాబు ప్రతిసారీ ఒకటే. నాన్న ఊపిరితిత్తుల కోసం నేను దగ్గలేదు. ఆ మేలును నా లెక్కలో వేసుకోలేను. అమ్మ పోగొట్టుకున్నది మాత్రం నా లెక్కలోనిదే.

అమ్మను చూస్తే బాగానే ఉంది. ఇంట్లోనే కుడుతుంది. సాయంత్రాలు మేమిద్దరం కొండ వైపు నడుస్తాం, వచ్చేటప్పుడు మక్కబుట్టలు కాల్చి అమ్మేవాళ్ల దగ్గర ఆగుతాం. ఇక్కడ మంచిగుంది అంటుంది. ఆ మాట నిజమే కావచ్చు. నాకోసం అంటున్నదీ కావచ్చు. అడిగే హక్కు నాకు లేదు.

ఆమెకు చెబుతానా? తెలియదు. చెబితే ఏడుస్తుందేమో. నవ్వేసి క్షమిస్తుందేమో, నాకు దానికే ఎక్కువ భయం. గడప మీద ఆమె అడిగినప్పుడే తెలుసుకుని ఊరుకుందేమో అన్న అనుమానం కూడా ఉంది. దాని లోతుకు నేను ఎప్పుడూ వెళ్లలేదు.

మీ నుంచి ఏ మాటా ఆశించడం లేదు. ఆ రోజు గడప మీద నాకు ఆయాసం లేదు, ఏ రోజూ లేదు. ఇది ఇప్పటిదాకా నేను ఎక్కడా పలకని మాట, కాగితం మీద కూడా పెట్టని మాట. ఇప్పుడు పెట్టాను. అమ్మ వంటింట్లోంచి పిలుస్తోంది, ఉల్లిగడ్డలు కోయడానికి. వెళ్తున్నాను.