సాక్ష్యం చెప్పాక గోలీ మింగవచ్చా?

మా ఆయన రాజేశం పాట మధ్యలో ఆగిపోయిన ఆదివారమే నాకు అనుమానం వచ్చింది. లాక్‌డౌన్‌లో చర్చి మూసేశారు. సూరత్ లింబాయత్‌లోని తెలుగు విశ్వాసులమంతా ఫోన్లో కాన్ఫరెన్స్ కాల్ పెట్టుకుని ప్రార్థన చేసుకునేవాళ్లం. ఎవరి గొంతు ఆగినా ఆయనది ఆగేది కాదు. ఆ రోజు దగ్గు తెరలు తెరలుగా వచ్చి కూలబడ్డాడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్లకు దారం నుసితో దగ్గు మామూలే. కానీ సాంచాలు బందై ఎన్నో వారాలైంది. మరి ఈ దగ్గేమిటి?

కరోనా అనుకుని వణికిపోయాం. టెస్ట్ నెగెటివ్ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం గానీ సాయంత్రమైతే జ్వరం, బనియను తడిసేలా చెమటలు. నెగెటివ్ అన్నాక ఇంకా ఈ రోగమేమిటో మాకు అంతుపట్టలేదు. చివరికి సర్కారు దవాఖానాలో ఎక్స్‌రే తీసి, కఫం తీసుకుని స్పుటమ్ టెస్ట్ చేసి డాక్టరమ్మ చెప్పింది: "టీబీ హై. ఛే మహీనే గోలీ. ఏక్ దిన్ భీ నహీ ఛోడ్‌నా." ఆరు నెలల్లో ఒక్క రోజు కూడా మానొద్దని.

గోలీలు మొదలయ్యాక మూత్రం ఎర్రగా వస్తే నెత్తురనుకుని ఏడ్చాను. అది మందు రంగేనని డాక్టరమ్మ నవ్వింది. రెండో నెల దాటేసరికి ఆకలి తిరిగొచ్చింది, దగ్గు పోయింది. ఒక ఆదివారం ఆయన కాల్‌లో సాక్ష్యం చెప్పాడు, అంటే దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పాడు. "దేవుడు నన్ను ముట్టిండు. నేను పూర్తిగ బాగైన." అందరూ హల్లెలూయా అన్నారు. నేనూ గట్టిగానే అన్నాను.

మర్నాడు గోలీలు ఇస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏందిది, పొద్దుగాల్నే నకరాలు?" అన్నాను.

"బాగైన అని అందరి ముంగట సాక్ష్యం చెప్పిన గదనే. ఇంక గోలీ మింగితే దేవుని ముంగట అబద్ధమాడినట్టే. లోబడితే పూర్ణ హృదయంతోని లోబడాలె, సగం సగం గాదు."

మా విశ్వాసులకు సాక్ష్యమంటే అంత పట్టింపు. మా పాస్టరయ్య మందులు మానమని ఎన్నడూ అనలేదు. ఈయనే అలా తీర్మానించుకున్నాడు. నాకు బుర్ర పనిచేయలేదు. భర్తకు లోబడమని బైబిల్లో వాక్యం ఉంది. గోలీ మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇందులో దేవుడి మాట ఏది? వంటింట్లో మోకరించి అడిగాను. కుక్కర్ విజిల్ తప్ప ఏమీ వినపడలేదు.

గోలీలు మానిన కొన్ని వారాలకు దగ్గు మళ్లీ వచ్చింది. ఒక పొద్దున తువ్వాలు మీద నెత్తురు. దవాఖానాకు పోదామంటే, "దేవుడు నా విశ్వాసం చూస్తుండు" అన్నాడు. అంటూనే తువ్వాలును మడిచి దాచేశాడు. భయపడుతూనే మొండికేసే మనిషిని ఏం చేయాలి? నాకు కోపమూ, జాలీ ఒకేసారి పొంగుకొచ్చాయి.

ఆ ఆదివారం, ఎన్నడూ నోరు విప్పని నేను ఫోన్లో మ్యూట్ తీసేశాను. "అయ్యగారూ, మా ఆయనకు నెత్తురు పడుతున్నది. గోలీలు బంద్ చేసిండు. ఆయన చెప్పిన సాక్ష్యం అబద్ధమైందా?"

మా ఆయన నన్ను కొరకొర చూశాడు. పాస్టరయ్య అన్నాడు: "నాకు తెల్వదమ్మా. సాక్ష్యం చెప్పినంక గూడ ఎందుకు తిరగబెట్టిందో తెల్వది. దేవుడు ఏమంటుండో గూడ గిప్పుడు నాకు సమజైతలేదు. రాజేశం, తెల్వనప్పుడు గూడ లోబడుడు ఉంటది బిడ్డా. రేపు దవాఖానకు పో."

"నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు మా ఆయన. ఆ రోజుకు అదొక్కటే మాట. మర్నాడు మాత్రం నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కిస్‌నే బంద్ కర్‌వాయా?" అని డాక్టరమ్మ అరిచింది. ఎవరు మానమన్నారని అడిగితే ఈయన తలొంచుకుని తన వైపే వేలు చూపించుకున్నాడు. రోగం మందుకు లొంగనంత మొండిది కాలేదని, అంటే రెసిస్టెన్స్ రాలేదని రిపోర్టు వచ్చేదాకా నా ప్రాణం నా ఒంట్లో లేదు. మళ్లీ మొదటి నుంచి గోలీలు. కడుపులో తిప్పినా, కీళ్లు లాగినా ప్రతి పొద్దునా మింగి "ఆమెన్" అనేవాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

కోర్సు పూర్తయింది. ఇప్పుడు పనికి వెళ్తున్నాడు, మెట్లెక్కితే కొంచెం ఆయాసం. ఆనాడు నేను దేవుడికి లోబడ్డానో, మొగుడికి ఎదురు తిరిగానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆయన్ని అడిగితే "రెండూ" అంటాడు.

మీకు ఒక్కటే చెబుతాను. సాక్ష్యం చెప్పాలనిపిస్తే ఆగకండి, చెప్పండి. ఆ పూట గోలీ మింగి చెప్పండి.