రావల్కోల్ అవ్వ శ్రుతి

మేడ్చల్‌లో మా చర్చి ఆవరణలో ఏటా కోతలయ్యాక పాటల పండుగ జరిగేది. తొంభైల్లో మూడు ఊళ్ల జట్లతో, ఒక డప్పుతో మొదలైంది. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసేనాటికి శామీర్‌పేట నుంచి సూరారం దాకా పదకొండు జట్లు వచ్చేవి. చర్చికి కీబోర్డు కూడా వచ్చింది. వాయించేది నేనే. మార్కుల పట్టిక గీసిందీ నేనే: శ్రుతి, తాళం, ఉచ్చారణ, సమయం. అందరూ కీబోర్డుతోనే పాడాలన్న నిబంధన కూడా నాదే.

ఆ నిబంధన రావల్కోల్ ఆడవాళ్లను ముంచింది. పొలం పనులు చేసుకునే తొమ్మిది మంది, ముందు పాడేది ఒక అవ్వ. డప్పు కాలంలో వాళ్లను మించిన జట్టు లేదు. కీబోర్డు వచ్చాక రెండేళ్లూ, సుచిత్ర చౌరస్తా నుంచి మార్కులేయడానికి వచ్చే సంగీతం మాస్టారు శ్రుతికి సున్నా వేశారు. రెండేళ్లూ వాళ్లదే ఆఖరి స్థానం.

మూడో ఏడు, పండుగకు వారం ముందు కీబోర్డును స్కూటర్‌కి కట్టుకుని సాధన చేయించడానికి రావల్కోల్ వెళ్లాను.

"అవ్వా, ఇంకొంచెం పైకి ఎత్తుకో."

"గా పెట్టెకే చెప్పు బిడ్డా, నా ఎనక రమ్మని."

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. అవ్వ నవ్వలేదు. "ఈసారి గూడ సున్నా ఏస్తే ఇగ మేం రాం."

పల్లవిని ఐదుసార్లు ఎత్తించి, స్వరం ఎక్కడ పడుతోందో కాగితం మీద రాసుకున్నాను. ఐదుసార్లూ ఒక్కచోటే, కీబోర్డు మీది రెండు మెట్ల నడుమ. శ్రుతి తప్పే గొంతైతే అటూ ఇటూ ఊగాలి. ఇది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆమె శ్రుతి మా పెట్టెలో లేదు, అంతే.

ఇంటికొచ్చి కీబోర్డుతో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. మొత్తం శ్రుతిని కొద్దికొద్దిగా పెంచే ఏర్పాటు అందులో మొదటి నుంచీ ఉంది. నేనే ముట్టుకోలేదు.

పండుగనాడు రావల్కోల్ జట్టు వంతు రాగానే, కాగితం మీద రాసుకున్న చోటికి కీబోర్డు శ్రుతిని పెంచాను. అవ్వ ఎత్తుకోగానే కీబోర్డు ఆమె గొంతులో కలిసిపోయింది. రెండో చరణానికి శామీర్‌పేట జట్టు చప్పట్లతో తాళం అందుకుంది. ఆఖరి చరణం ఆవరణంతా లేచి నిలబడి పాడింది.

"ఏవయ్యా, ఈవిడకి శ్రుతి ఎప్పుడు కుదిరింది?" అన్నారు మాస్టారు.

"ఆమెకి ఎప్పుడూ ఉందండీ. నాకే ఇవాళ కుదిరింది."

ఆయన శ్రుతి గడిలో పదికి పది వేశారు. మొదటి బహుమతి షీల్డును అవ్వ గడ్డిమోపులా నెత్తిన పెట్టుకుని, బస్సుకి నడుస్తూ నా దగ్గర ఆగింది.

"వచ్చేయేడు పదిమందిమొస్తం. నీ పెట్టెను తయారుగుంచు."