బేరం కుదిరిన చోటు

మా నాయన చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు బాయిలర్ కాడ పనిచేశాడు. పని మానేసే నాటికి ఆ ఆవిరి రొద చెవుల్లో ఉండిపోయి, మిగతా శబ్దాలన్నీ మెల్లగా తప్పుకున్నాయి. "నీళ్ల అడుగున కూసోనుండేట్టు ఉండాది పాపా" అనేవాడు. బాధగా కాదు, ఏదో వింత చెబుతున్నట్టు.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. నేను తిరుపతిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తూ, సెలవులకు చిత్తూరు వెళ్లి వస్తుండేదాన్ని. తిరుపతి బస్టాండు వెనక సందులో ఇంటర్నెట్ సెంటర్ ఒకటి ఉండేది. బయట ఎండ, గుండుకు చందనం పూసుకున్న యాత్రికులు, ఆటోల అరుపులు. అద్దం తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే చల్లదనం, చెక్క అరలు, ఒక్కో అరలో ఒక నీలి వెలుగు. కాసేపు కూర్చుంటే ఏ ఊళ్లో ఉన్నానో గుర్తుండేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం అక్కడే వినికిడి మిషన్ బొమ్మ చూశాను. బొమ్మ ఒక్కసారిగా రాలేదు. పైనుంచి ఒక్కో గీతగా దిగింది. ముందు తెల్లటి గోడ, తర్వాత ఒక పెద్దాయన నుదురు, నవ్వే కళ్లు, చివరికి చెవి వెనక చింతగింజంత మిషన్. ఆయన ఎవరి మాట విని నవ్వుతున్నాడో అనుకుంటూ చాలాసేపు అలాగే చూశాను. కింద ఒక చిన్న గడి. షరతులన్నిటికీ ఒప్పుకుంటున్నానని పక్కన ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ షరతులేమిటో చదవలేదు. గడిలో టిక్కు పెట్టి, బ్యాంకు కార్డు నంబరు కొట్టాను.

రెండు వారాలకు పార్సిల్ చిత్తూరు ఇంటికి వచ్చింది. చెవిలో పెట్టగానే నాయన మొహం ముడుచుకున్నాడు. మాట వినిపించడం అటుంచి, అది ఆగకుండా ఈల వేసింది.

"తీసెయ్ పాపా. దీనికంటే ఆ బాయిలరే నయం."

కంపెనీకి ఎన్ని మెయిళ్లు పెట్టినా ఒకటే జవాబు. అమ్మిన వస్తువు వెనక్కి తీసుకోము, మీరు ఒప్పుకున్నారు, తగాదా ఏదైనా ఉంటే మా ఊరి కోర్టులోనే తేల్చుకోండి అని. వాళ్ల ఊరికి రైల్లో పోవడానికే రెండు రోజులు పడుతుంది. నాయనను అంత దూరం ఎలా తీసుకుపోను? చదవకుండా టిక్కు పెట్టిన నా వేలి మీద నాకే కోపం వచ్చింది.

చిత్తూరులోనే వినియోగదారుల ఫోరం ఉందనీ, వకీలు లేకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చనీ మా కాలేజీలో పౌరశాస్త్రం చెప్పే మేడం చెప్పింది. ఇచ్చాను.

విచారణ రోజు నాయన నా పక్కనే కూర్చున్నాడు. అక్కడ అంటున్న మాటలు నోటుబుక్కులో రాసి ఆయనకు చూపిస్తున్నాను. కంపెనీ వకీలు లేచి, తమ కంప్యూటర్లు ఉన్న ఊళ్లోనే బేరం జరిగిందనీ, ఇక్కడ కేసు చెల్లదనీ అన్నాడు.

ఫోరం అధ్యక్షులు నా వైపు తిరిగారు. "షరతులు చదివినావామ్మా?"

"లేదు సార్."

"చదివుంటే, ఒక్క మాటన్నా మార్చమని అడిగేదానికి వీలుండిందా?"

కొంచెం ఆలోచించాను. "లేదు సార్. టిక్కు పెట్టకపోతే అది ముందుకే పోదు."

ఆయన ఏదో రాసుకున్నారు. తర్వాత, నేను బతిమాలి పిలుచుకొచ్చిన ఇంటర్నెట్ సెంటర్ ఓనర్ సాక్ష్యానికి లేచాడు.

"ఆయమ్మ మా కాడికే వచ్చినాది సార్. మూడో అరలో కూసున్నాది. నడాన కరెంటు పోతే మళ్లీ మొదట్నించీ కొట్టినాది. బేరం ఆడనే అయింది. ఇంక యాడ అవతాది సార్?"

నోటుబుక్కులో ఆ మాట చదివి నాయన తల ఊపాడు. నేను మాత్రం కిటికీలోంచి వేపకొమ్మ కదలడం చూస్తూ ఉండిపోయాను. ఆ మధ్యాహ్నం నేను నిజంగా ఎక్కడున్నాను? ఆ చెక్క అరలోనా, నవ్వే పెద్దాయన ముందరా? అంతకుముందు కూరగాయల బేరమైనా, చీర బేరమైనా మనిషి మొహం చూసే చేశాను. ఈ ఒక్క బేరానికే ఎదుట మొహం లేదు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. తిరుపతిలో కూర్చుని డబ్బు కట్టింది, చిత్తూరులో సరుకు అందింది, కాబట్టి ఈ ఫోరం విచారించవచ్చు. పాడైన వస్తువును అంటగట్టి టిక్కు వెనక దాక్కోవడం కుదరదు. ఆయన చెవికి సరిపడే మిషన్ ఇవ్వాలి.

కంపెనీ పంపిన మనిషి ఒక ఉదయం ఇంటికి వచ్చి, నాయన చెవి కొలత తీసుకుని పోయాడు. నెల లోపే కొత్తది తెచ్చి పెట్టాడు. ఈల లేదు. నాయన కదలకుండా కూర్చున్నాడు. వంటింట్లో తాలింపు చిటపటలాడితే అటు తిరిగి చూశాడు.

"నాయనా, వినిపిస్తా ఉండాదా?" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు.

"ఏం పాపా, అంత గట్టిగా అరస్తావు?"

ఆయన కోసం ఇన్నేళ్లు నా గొంతు ఎంత పెంచుకున్నానో నాకే తెలియలేదు. మళ్లీ అడిగాను, ఈసారి చాలా మెల్లగా.