అవ్వ వైపు నుంచి

మా ఇంట్లో షుగరు గురించి జరిగినన్ని పోట్లాటలు డబ్బు గురించి కూడా జరగలేదు. మా నాయనకు బంగారు గనిలో పని చేస్తున్నప్పుడే వచ్చింది. గని మూతపడ్డాక మా అమ్మకూ వచ్చింది. అది ఎవరి వైపు నుంచి వచ్చిందన్నదే గొడవ. మా అమ్మ తండ్రి వైపువాళ్లు బెల్లం వండేవాళ్లు కాబట్టి ఆ వంశమంతా పాకంలో ఊరిందని నాయన అనేవాడు. భూమి లోపలికి దిగి, పగలేదో రాత్రేదో తెలియకుండా క్యాంటీను టీలు తాగినవాళ్లకు రాక ఇంకెవరికి వస్తుందని అమ్మ అనేది. ఆండర్సన్‌పేటలో మావి గోడకు గోడ ఆనుకున్న లైను ఇళ్లు. పక్కింటివాళ్లు వింటూ వింటూ మధ్యలో తీర్పులు కూడా చెప్పేవాళ్లు.

ఇందులో తమాషా ఏమిటంటే, వాళ్లిద్దరికీ పూర్తిగా వేరు వేరు వైపులంటూ లేవు. మా అమ్మ మా నాయనకు సొంత అక్క కూతురు. మేనమామనే చేసుకుంది. ఇప్పటికీ ఆయనను ‘మామా’ అనే పిలుస్తుంది, కోపం వచ్చినా అంతే. అంటే నాయనను కన్నతల్లే మా అమ్మకు అమ్మమ్మ. ఆమెను ఇంట్లో అందరం అవ్వ అంటాం. నేను ఆమెను చూడలేదు. అమ్మకు ఊహ తెలియకముందే తల్లి పోతే, రాయల్పాడులో ఆమెను పెంచింది అవ్వే. ఈ పిల్లను నా చిన్న కొడుక్కే చేస్తానని ఊరంతా చెప్పుకుని, ఆ పెళ్లి చూడకుండానే పోయిందట. ఆమె చేతి వస్తువు ఒకటి మా వంటింట్లో ఉంది. సంగటి కెలికే పనసకట్టె తెడ్డు. ఎప్పుడో నిలువునా చీలితే నాయన గని నుంచి తెచ్చిన రాగితీగతో బిగించి కట్టాడు. కొత్తది కొంటానంటే అమ్మ నా వైపు చూసే చూపుకు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. షుగరు తగాదాలో కూడా అంతే, అవ్వ పేరు మాత్రం ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు.

వాళ్ల కూతుర్ని నేను, మాలూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పని చేస్తాను. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తాను. నలభై దాటిన ఏడాది ఫ్యాక్టరీలో అందరికీ పరీక్షలు చేయించారు. నాకూ షుగరుందని చెప్పారు. నేనేమీ గుండెలు బాదుకోలేదు. ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని, ఇంక మీరిద్దరూ కొట్లాడుకోనక్కర్లేదు, మనం ముగ్గురం ఒక పార్టీ అన్నాను. నవ్వుతారనుకున్నాను. నాయన తల వంచుకుని తిన్నాడు. అమ్మ లేచి చెయ్యి కడుక్కుంది.

ఆ రోజుతో మా ఇంట్లో ‘నీ వైపు, నా వైపు’ అనే మాట ఆగిపోయింది. పీడా పోయిందనుకున్నాను. నాకంత తెలివి!

కొన్నాళ్లకు అమ్మ మడమ మీద పుండు లేచింది. ఎంతకీ మానదు. మాత్రలు ఇక చాలవు, ఇన్సులిన్ మొదలు పెట్టండి, ఆలస్యం చేస్తే కాలికే ముప్పు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. సూది మందు తెచ్చి ఫ్రిజ్ తలుపులో కరివేపాకు పక్కన పెట్టాను. అది అక్కడే ఉండిపోయింది. అడిగితే రేపు చూద్దాంలే అనేది. బతిమాలాను, తిట్టాను, మాట్లాడటం మానేశాను. మా అమ్మ మొండితనం ముందు నా మొండితనం ఏపాటిది? నేను అలిగితే నా డబ్బాలో ఇష్టమైన కూర పెట్టి పంపేది గాని, సూది జోలికి మాత్రం పోయేది కాదు.

ఒక పొద్దున నాయన నన్ను రైలుకు దింపడానికి స్టేషను దాకా వచ్చాడు. మామూలుగా రాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి, రైలు వచ్చే వైపు చూస్తూ చెప్పాడు.

“మీ అమ్మ సూది యాల ఏసుకోదో తెలుసునా నీకు? బిడ్డకు ఈ రోగం నేనే ఇచ్చినాను, ఇంగ నాకు వైద్యం యాలంటా ఉండాది.”

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నానే గాని మాలూరు ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నా షుగరు కోసం ఆమె కాలు పోగొట్టుకోవాలా? ఇదెక్కడి లెక్క?

సరిగ్గా అప్పుడే మా పేటలో బడి దగ్గరికి బెంగళూరు నుంచి పరిశోధన చేసేవాళ్లు వచ్చారు. తల్లిదండ్రులకూ పిల్లలకూ షుగరు ఉన్న కుటుంబాలు కావాలట. రక్తం తీసుకుని అందులోని జన్యువులు చూస్తారట. ఈ జబ్బు కొందరికే ఎందుకు వస్తుంది, మనవాళ్లకు ఇంత తొందరగా ఎందుకు వస్తుందని వెతుకుతున్నారట. ఆస్పత్రి అంటే నాలుగు వంకలు చెప్పే మా అమ్మ, ఈ మాట వినగానే ఇస్త్రీ చీర కట్టుకుని చెప్పులేసుకుంది. ఎందుకో నాకు తెలుసు. చదువుకున్నవాళ్ల నోటితో తీర్పు వినాలని ఆమె ఆశ. అవునమ్మా, నీ నుంచే వచ్చిందని వాళ్లు అంటే ఇంక ఆ సూదిని ఎవరూ ఆమె ఒంటికి తగిలించలేరని నా భయం.

మాకు దొరికింది అనంతపురం వైపు అమ్మాయి. చక్కగా తెలుగులో మాట్లాడింది. ముందు కాగితం మీద మా వంశం గీస్తానంది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న, షుగరు ఉన్నవాళ్లకు లోపల నలుపు. నన్ను నలుపు చేసింది, అమ్మానాయనలను నలుపు చేసింది. మేనరికమని చెప్పగానే, రక్తసంబంధానికి గుర్తుగా వాళ్లిద్దరి మధ్య రెండు గీతలు గీసింది. అక్కడి నుంచి నాయన గీత ఒక వైపు నుంచీ, అమ్మ గీత ఇంకో వైపు నుంచీ పైకి పోయి, రెండూ ఒకే సున్న దగ్గర ఆగాయి.

అమ్మ ముందుకు వంగి చూసింది. “ముగ్గు మాదిరి ఉండాదే ఇది. ఈ సున్న ఎవురిది?”

“మీ అవ్వగారిదమ్మా. ఆమెకు షుగరు ఉండేదా?”

నాయన కిటికీ వైపు తిరిగాడు. ఆ కాలంలో పరీక్షలెక్కడివి అని మొదలుపెట్టింది అమ్మ. అవ్వకు ఎప్పుడూ దాహమేనట. తాగింది తాగినట్టే ఉండగా మళ్లీ చెంబు చాపేదట. నీళ్లు మోసింది మా అమ్మే. దొడ్లో అవ్వ కూర్చుని లేచిన చోట చీమలు పట్టేవట. మామిడిపండ్ల కాలంలో ఒళ్లు చెయ్యవలసిన మనిషి చిక్కి సగమైందట. కాలి మీద చిన్న పుండు లేచి, ఎన్ని ఆకులు నూరి కట్టినా మానక, చివరికి దానితోనే పోయిందట. ఇదంతా చెబుతూ చెబుతూ అమ్మ తన మడమ మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆ అమ్మాయి అవ్వ సున్నను నలుపు చెయ్యలేదు. పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

అప్పుడు అడిగింది అమ్మ, తను వచ్చిన పని. “పాపకు ఇది నా నుంచే వచ్చినాది గదా? రక్తం చూసి చెప్తారా?”

ఆ పిల్ల తొందరపడలేదు. ఇది ఒక్కరు ఒక్కరికి ఇచ్చేది కాదమ్మా అంది. చిన్న చిన్నవి ఎన్నో, అమ్మ నుంచి కొన్ని, నాన్న నుంచి కొన్ని కలిసి వస్తాయంది. అవి ఉన్నా కొందరికి జబ్బు రాదు, తిండీ బరువూ నిద్రా కూడా కలవాలంది. చాలామంది రక్తం ఒకచోట చేర్చి చూస్తేనే మాకు కొంతైనా తెలుస్తుంది, అందుకని ఎవరి ఫలితం వాళ్లకు చెప్పడం ఉండదంది. “ఎవరిచ్చినారని మేం చెప్పలేమమ్మా. ఇది ఎవరి తప్పూ కాదు.”

తీర్పు రాలేదు. ముగ్గురం చేతులు చాపి రక్తం ఇచ్చి బయటికొచ్చాం.

ఆటోలో అమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుంది. ఆటో కదిలాక మెల్లగా, “మామా, అవ్వ మీద నీకేమన్నా కోపం వస్తా ఉండాదా?” అని అడిగింది.

“మాయమ్మ మీద నాకు కోపమేంది? పాపం, ఆయమ్మకేమి తెలుసు” అన్నాడు నాయన.

నా నోరు ఊరుకుంటుందా? “మరి మాయమ్మ మీద నాకెందుకుండాల కోపం?” అన్నాను. అమ్మ నా వైపు చూడలేదు. చెయ్యి వెతికి పట్టుకుని, ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

ఇంటికి రాగానే పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టింది. పిండి పోసి, అవ్వ తెడ్డుతో కెలుకుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది: “అవ్వకు ఈ సూది దొరికిండుంటే నా పెండ్లి చూసి పొయ్యుండేది.”

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇంకొన్నేళ్లు అవ్వ కావాలని ఇన్నేళ్ల తర్వాత కూడా తపిస్తున్న మనిషికి, నాకూ నువ్వు కావాలని వేరే చెప్పాలా? చెప్పనక్కర్లేకపోయింది. అమ్మే తెడ్డు నా చేతికిచ్చింది.

“కెలుకు, అడుగంటుతాది. మామా, ఆ ఫ్రిజ్జులో సూది ఉండాది, ఎత్తుకొని రా.”

డాక్టరు దగ్గర నేర్చుకున్నది నాయనే. సూది పట్టుకున్నాడు గాని చెయ్యి నిలవడం లేదు. గనిలో బండకు పేలుడు మందు కూరేటప్పుడు వణకలేదే ఈ చెయ్యి అని అమ్మ వెక్కిరించింది. వెక్కిరిస్తూనే కళ్లు గట్టిగా మూసుకుంది. నేను ఆవిరిలోంచి చూస్తూ కెలుకుతున్నాను. అరచేతి కింద రాగితీగ వేడెక్కింది. సూది దిగింది, బయటికొచ్చింది. అమ్మ ఒక కన్ను తెరిచి, ఇంతేనా అని అడిగి, చీర సర్దుకుంది.

కంచాలు మూడూ తనే వేసింది. సంగటి ముద్దలు చేసి పెట్టి, నా వైపు తిరిగింది.

“ముగ్గురం ఒక పార్టీ అన్నావు గదా పాపా. నీ మాత్ర ఏసుకొని రా, తిందాం.”