బావని తిట్టిన కేసు

మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పంపారు. ఇద్దరు కుర్రాళ్లు తాగి బజార్లో గొడవ చేశారట, పోలీసులు వాళ్ల మెడల్లో ‘ఇకపై తాగి అల్లరి చేయము’ అని రాసిన అట్టలు తగిలించి నడిరోడ్డు మీద ఎండలో నిలబెట్టారు. ఏ ఊరో తెలియదు గానీ చుట్టూ మూగిన జనం మాట మాత్రం మన ఉద్దానం మాటే. దాని కింద మా వాళ్లంతా నవ్వు బొమ్మలు వరసగా పెట్టారు, పలాసలో ఉండే మా మేనకోడలు, ఎమ్మే చదివిన పిల్ల, ‘తగిన శాస్తి’ అని కూడా రాసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డెబ్భై దాటినదాన్ని, కోపం తెచ్చుకోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆయనకేం తెలుసు, ఈ కోపం ఇవాళ్టిది కాదు.

మా ఆయన నాకు మేనమామ కొడుకు. నౌపడ ఉప్పు మళ్లలో మేస్త్రీగా ఉండేవారు. మా అన్నయ్య, అంటే ఆయనకు బామ్మర్ది, ఉద్దానం నుంచి కొబ్బరికాయల లారీ తోలేవాడు. నేను రావివలస దగ్గర ఒక చిన్న బడిలో కొత్తగా టీచరుగా చేరాను. నా వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఇప్పటి పిల్లలకు మా వైపు బావా బామ్మర్దుల సంగతి చెప్పాలి. వాళ్లిద్దరూ ఒకరినొకరు తిట్టుకోవడం ఒక హక్కు, ఒక మర్యాద కూడా. పెళ్లిలో విడిది దగ్గర మొదలైన తిట్లు జీవితాంతం సాగాల్సిందే, ఎంత ప్రేమ ఉంటే అంత ఘాటుగా తిట్టాలి. బామ్మర్ది తన బావని ‘రండి, కూర్చోండి’ అన్నాడంటే ఏదో మనస్పర్థ వచ్చిందని ఇంట్లో ఆడవాళ్లు గాభరా పడేవారు. వీధి మలుపులో ‘ఇంకా సావలేదేట్రా బావా’ అన్న కేక వినిపిస్తే చాలు, మా అమ్మ నవ్వుకుంటూ ఇంకో కంచం కడిగి పెట్టేది.

నేను బడిలో చేరిన ఆ ఏడే అన్నయ్యకు ప్రభుత్వ బస్సు డ్రైవరు ఉద్యోగం వచ్చింది. పరీక్ష అయింది, కళ్ల పరీక్షా అయింది, వీడి మీద కేసులేమీ లేవని పోలీసుల దగ్గర నుంచి కాగితం రావడమే తరువాయి. లారీ మీద రాత్రీ పగలూ తిరిగి నడుం పడిపోయిన మనిషికి అది ఉద్యోగం కాదు, ప్రాణం లేచిరావడం. ఆ సంతోషంలో బావా బామ్మర్దులు పట్నం వెళ్లారు. ఏ పట్నమో చెప్పను, ఆ పోలీసు స్టేషను ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది. తాగారు, కాదనను, ఇద్దరూ బాగానే తాగారు. తాగి, బస్టాండులో ఆఖరి బస్సు కోసం కూర్చుని, అలవాటు ప్రకారం మొదలుపెట్టారు. నువ్వు బస్సు తోలితే ఉప్పు మడిలోకి తోలేస్తావని ఈయన, నీలాంటివాణ్ని ఎక్కించుకుంటే నా బస్సుకే పాపమని వాడు, ఈయన వాడి తువ్వాలు లాగడం, వాడు ఈయన వీపు మీద గుద్దడం. చుట్టూ జనం చేరారట. టీకొట్టు ఆయన ఎవరి తిట్టు బాగుందో తీర్పు కూడా చెబుతున్నాడట.

అప్పుడు వచ్చాడు, వేరే జిల్లా నుంచి వారం క్రితమే బదిలీ అయిన ఎస్సై. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? జనాన్ని చెదరగొట్టి, మా ఆయన్ని పక్కకు పిలిచి, వీడు నిన్ను తిట్టాడా, కొట్టాడా అని అడిగాడు. మరొకరైతే లేదని తప్పుకునేవారు. మా ఆయన ఛాతీ విరుచుకుని, ఎంతో గొప్పగా చెప్పారు.

“తిట్టినాడు బాబూ. ఆడు నా బామ్మర్ది. ఆడు తిట్టకపోతే నన్నింకెవుడు తిడతాడు?”

కాగితం మీద మొదటి మాట ఒక్కటే ఎక్కింది. తాగి, బహిరంగ స్థలంలో బూతులాడి, కొట్టుకుని ప్రజాశాంతికి భంగం కలిగించారని ఇద్దరి మీదా కేసు రాశారు. ప్రజాశాంతి! అక్కడున్న ప్రజ కడుపుబ్బ నవ్వుతుంటే దాని శాంతికి వచ్చిన భంగం ఏమిటో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

తెల్లారి కబురు తెలిసి, బడికి సెలవు పెట్టి పరుగెత్తాను. ఎస్సై టీచరమ్మనని కుర్చీ వేయించాడు, మర్యాదగానే మాట్లాడాడు. వరస గురించి ఎంత చెప్పినా, సంస్కారం ఉన్నవాళ్లు చుట్టాలను అలా పిలుచుకోరమ్మా అని నాకే పాఠం చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదని కాదు, ఉంది, కానీ అది కొంచెమే, పై ప్రాంతం వాడు, తెలియదు. నా కోపమంతా ఆ పక్కన నిలబడ్డ హెడ్డు కానిస్టేబులు మీద. ఆయన మా పక్క ఊరి అల్లుడు. అంతకు ముందు వేసవిలో ఒక పెళ్లిలో ఆయన తన బావని తిట్టిన తిట్లకు పందిరంతా పడీ పడీ నవ్వింది, నేనూ నవ్వాను. మీరైనా చెప్పండి బాబూ, మీకు తెలియదా అని చేతులు జోడించి అడిగాను. ఆయన పైకప్పు కేసి చూస్తూ నిలబడ్డాడు. తన పైఅధికారి ముందు తన ఊరి మాటకు సిగ్గుపడ్డాడు ఆ మనిషి. ఆ సిగ్గును నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను కూడా.

కేసు నడిపితే ఏళ్లు పడుతుందని, అంతవరకూ అన్నయ్యకు ఆ కాగితం రాదని, ఇద్దరూ ఒప్పేసుకుంటే ఉద్యోగం మాట మరిచిపోవడమేనని వకీలు చెప్పాడు. కోర్టులో పేరు పిలవగానే మా ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డారు. “నానే తాగినాను బాబూ, నానే గొడవ సేసినాను. ఈ కుర్రోడు నన్నాపడానికొచ్చినాడు.” అన్నయ్య ఏదో అనబోతే వాడి కాలు గట్టిగా తొక్కారట. జరిమానా కట్టించుకుని, సాయంత్రం కోర్టు లేచేవరకూ ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టారు. అన్నయ్యను వదిలేశారు. వాడికి కాగితం వచ్చింది, ఖాకీ చొక్కా వచ్చింది.

ఇక్కడితో అయిపోతే నేనింత రగిలిపోను. ఒకసారి స్టేషనులో పేరు పడ్డాక ఆ పేరు చెరిగిపోదు. ఎన్నికలొచ్చినా, అమ్మవారి సంబరం జరిగినా, బజార్లో ఎవడు ఎవణ్ని కొట్టినా, ముందు మా ఆయన్ని పిలిపించి స్టేషను అరుగు మీద సాయంత్రం దాకా కూర్చోబెట్టేవారు. జన్మలో ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి! ఆ వీధిలోంచే అన్నయ్య బస్సు వెళ్లేది. బావ అరుగు మీద కూర్చుని ఉంటే, వాడు బస్సు తోలుకుంటూ ఆ ముందు నుంచే పోవాలి. కొన్నాళ్లకు పోలీసులు మారారు, పిలవడం మానేశారు.

అన్నయ్య మాత్రం మారిపోయాడు. కోర్టు నుంచి వచ్చిన రోజు నుంచి ఆయన్ని ‘బావగారూ, మీరు’ అనడం మొదలుపెట్టాడు. ఇంటికొస్తే చెప్పులు బయట విప్పి, ఒద్దికగా చాప చివర కూర్చునేవాడు. ఈయన ఎంత కవ్వించినా తల వంచుకుని నవ్వి ఊరుకునేవాడు. అరుగు మీద కూర్చోబెట్టినందుకు ఏనాడూ నొచ్చుకోని మా ఆయన ఈ ‘మీరు’కి కుంగిపోయారు. ఆఖరి రోజుల్లో మంచం మీద ఉండగా, చూడ్డానికి వచ్చిన అన్నయ్య చెయ్యి పట్టుకుని అడిగారు.

“ఒరే, ఒక్కపాలి తిట్టరా.”

అన్నయ్య పెదాలు కదిలాయి. ఆ చేతిని కళ్లకద్దుకుని బయటికి వెళ్లి, గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆ వారంలోనే మా ఆయన పోయారు, ఆ తిట్టు వినకుండానే పోయారు.

అందుకే ఆ వీడియో చూసి ఊరుకోలేక మేనకోడలికి ఫోను చేశాను. ఆ కుర్రాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారే అని అడిగాను. అదెవరికి తెలుసు అత్తా, అయినా ఏమైతే ఏంటి అంది. ఒకప్పుడు మా వైపు ఎక్కడ గొడవ కనిపించినా, విడదీసే ముందు ముసలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే, ఆళ్లిద్దరూ ఏటవుతారని. బావా బామ్మర్దులంటే ఒగ్గేయండి, వాళ్లనలా వదిలేయండి అని నవ్వి వెళ్లిపోయేవారు. ఇప్పుడు ఫోను ఎత్తి పట్టుకోవడం తెలుసు గానీ ఆ ప్రశ్న అడిగే నాథుడు లేడు. మా ఇంట్లో కూడా అల్లుళ్లూ కొడుకులూ ఒకరినొకరు ‘బ్రో’ అనుకుని, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. తిట్టుకునేంత దగ్గరితనం ఎవరికీ లేదు.

ఆ రోజు సాయంత్రం అన్నయ్య వచ్చాడు. ఇప్పటికీ రోజూ వస్తాడు, వచ్చి ఆ చాప చివరే కూర్చుంటాడు. ఫోను వాడి చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూశాడు, మూడోసారి ఆ కుర్రాళ్ల మెడలో అట్టల కింద వేలితో చూపించాడు. అంత జనం ముందు తల దించుకుని నిలబడ్డ ఆ ఇద్దరిలో ఒకడు రెండోవాడి చొక్కా అంచు పట్టుకుని ఉన్నాడు. నేను అది గమనించనే లేదు.

“బావే అయ్యుంటాడే,” అన్నాడు అన్నయ్య. “సూడు, ఒగ్గలేదు.”