మావయ్య హై స్టాల్ కారు, అత్తయ్య బడి గంట

మొన్నామధ్య మా పక్కింటాయన కొత్త కారు కొని, పెదకాకాని గుళ్లో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ కుంకుమ బొట్లు ఆరకముందే నన్నెక్కించుకుని ఊరంతా తిప్పాడు. గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ బండి. బ్రేకు మీద నుంచి కాలు తీయడమే ఆలస్యం, పాలగిన్నె వాసన పట్టిన పిల్లిలా దానంతటది చప్పుడు లేకుండా ముందుకు జరిగింది. ఆయన మురిసిపోతుంటే నేను పైకి తలూపాను గానీ, లోపల మా మావయ్య కారు గుర్తొచ్చి నవ్వాపుకోవడం కష్టమైంది. అదీ ఆటోమేటిక్ బండే. కాకపోతే దాని బ్రేకు మీద నుంచి కాలు తీసి, పేపరు మొదటి పేజీ నుంచి సినిమా ప్రకటనల దాకా చదువుకున్నా అది ఉన్నచోటే ఉండేది. నేను ఏది చెప్పినా కారం ఓ పిడికెడు ఎక్కువ పడుతుందని మా వాళ్లంటారు. నిజమే, గుంటూరు వాణ్ని. అయితే ఇప్పుడు చెప్పేదాంట్లో కారం తీసేసినా కూర మిగులుతుంది.

పాతికేళ్ల పైమాట. మా మావయ్యకు గుంటూరులో కార్లు బాగుచేసే షెడ్డుండేది. ఒంగోలు వైపు ఒక పొగాకు వ్యాపారి ఇంటి వెనక, కోళ్లు వెనక సీట్లో గుడ్లు పెట్టుకుంటున్న పాత విదేశీ కారొకటి ఆయన కంటబడింది. పడవంత బండి, ఎనిమిది సిలిండర్ల ఇంజను. కోళ్లను బతిమాలి దింపి దాన్ని తెచ్చుకున్నాడు. ఇంజను బాగుచేసుకుని ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. మద్రాసులో తిన్నని రోడ్డు మీద పరుగుపందేలాడే కారు నుంచి ఊడదీసిన టార్క్ కన్వర్టరొకటి ఆయనకు దొరికింది. హై స్టాల్ కన్వర్టరట. దాన్ని బిగించాడు.

అదేమిటో మా అత్తయ్యకు చెప్పడానికి మావయ్య రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదాని స్విచ్చి మాత్రమే వేశాడు. దాని గాలికి రెండోది కూడా మెల్లగా తిరగడం మొదలెట్టింది. ఇంజనొక ఫ్యాను, చక్రాలొక ఫ్యాను, మధ్యలో గాలికి బదులు నూనె, అంతే. మామూలు బండిలో మొదటి ఫ్యాను కాస్త తిరిగితే చాలు, రెండోది అందుకుంటుంది. మా బండిలో ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే తప్ప చక్రాలకు పట్టు దొరకదు. దొరికిన తరవాత మాత్రం బండి పులే. అత్తయ్య ఇంగ్లీషు టీచరు. అంతా శ్రద్ధగా విని, "స్టాల్ అంటే ఆగిపోవడం కదండీ. ఆగిపోవడం ఎక్కువుండేదాన్ని ఏరి కోరి తెచ్చుకున్నారా?" అంది. నీ ఇంగ్లీషు వేరు, బండి ఇంగ్లీషు వేరన్నాడు మావయ్య. నేనప్పుడే ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో గుమస్తాగా చేరాను. మూడు వేల స్టాల్ అని గొప్పగా చెబితే మా మిల్లు మేస్త్రీ ఆలోచించి, "మన గుంటూరు మొత్తం మీద అన్ని టీ స్టాళ్లు లేవు గదయ్యా, అన్నిచోట్ల ఆగితే ఇంటికెప్పుడు పోతారు?" అన్నాడు.

ఆ ఏడు క్రిస్మస్ సెలవుల్లో అత్తయ్యకు బదిలీ అయింది. నల్లపాడు దాటి, నరసరావుపేట దారిలో కొంత పోయి, ఎడమకు తిరిగితే వచ్చే ఊరు. మా మిల్లు కూడా ఆ ఊరి పొలిమేరలోనే. వేళకు బస్సు లేదు. అత్తయ్యకు బడి గంటంటే ఆదివారం గుడి గంటకున్నంత గౌరవం, పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఒక్కనాడూ ఆలస్యంగా సంతకం పెట్టి ఎరగదు. అందుకని ఆ ఊళ్లోనే, చర్చి పక్కన, పాస్టరుగారి అమ్మగారింట్లో ఒక గది చూసుకుంది. సోమవారం పోయి శనివారం రావడం. మావయ్య ఆ మాట విని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. పిల్లల్లేని ఇల్లు వాళ్లది. సాయంత్రం షెడ్డు నుంచి రాగానే ఆవిడ ఎదురుగా కూర్చుని పిల్లల కాంపోజిషన్లలో తప్పులు చదివి వినిపిస్తుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా పడీపడీ నవ్వేవాడాయన. వారానికి ఐదు సాయంత్రాలు అది పోతుందంటే ఆ మనిషి ఏమైపోవాలి. రోజూ నేనే దిగబెడతానన్నాడు. చివరికి ఒప్పందం కుదిరింది: వేసవి సెలవుల దాకా చూడటం, రెండుసార్లు ఆలస్యమైతే ఓర్చుకోవడం, మూడోసారైతే గది.

ఇక చూడండి మా ప్రయాణం. మిల్లుకు నేనూ వాళ్లతోనే, క్యారేజీ ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో. ముందు అత్తయ్య ప్రార్థన చేసేది. ఆమెన్ అనగానే మావయ్య కాలు నొక్కేవాడు. ఇంజను వీధి వీధంతా అదిరేట్టు అరిచేది, బండి మాత్రం వింటూ కూర్చునేది. అరుగుల మీద వాళ్లు క్లచ్చి పోయిందనుకుని తోయడానికి లేచి వచ్చేవాళ్లు. సరిగ్గా వాళ్లు చేయి వేయబోయే వేళకు బండి దూకేది. కాలు మెత్తగా వేస్తే ఎడ్లబండి, కాస్త గట్టిగా వేస్తే నా ఒళ్లో సాంబారు. ఈ రెంటికీ మధ్య నూలుపోగంత సందు. ఆ సందులో రోజూ నడపడానికి మావయ్య చెప్పులు విడిచి వట్టికాలితో పెడలు పట్టేవాడు, నాడి చూసే వైద్యుడిలాగా. షెడ్డులో ఎవరైనా ఎంత స్పీడుపోతుందని అడిగితే పొంగిపోయే మనిషి, ఆ మూడు నెలలూ ఎంత నెమ్మదిగా పోతుందో నేర్చుకున్నాడు.

మొదటి ఆలస్యం జనవరిలో. పత్తి ట్రాక్టర్లు రోడ్డంతా నిండి మనిషి నడకన పోతున్నాయి. ఆ నడకలో మా బండికి పట్టు దొరకదు కదా, నూనె ఊరికే చిలికి చిలికి కాగిపోయి, గొట్టంలోంచి ఎర్రగా రోడ్డు మీద చిమ్మింది. గేరుబాక్సు నూనె ఎర్రగానే ఉంటుంది. పొలంలో పత్తి తీస్తున్న ఒక పెద్దావిడ పరుగున వచ్చి, "అయ్యో, జాడీ పగిలిందామ్మా, ఏడాది ఆవకాయ" అని అత్తయ్యను ఓదార్చింది. అది చల్లారేదాకా కూర్చుని, అరగంట ఆలస్యంగా చేరాం.

అలా కాదని మావయ్య బండి ముందు ఒక కూలరూ దానికో పెద్ద ఫ్యానూ బిగించాడు. నూనె చల్లబడింది. ఫిబ్రవరి చివర్లో రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. ఆ ఫ్యాను గుంటూరు జిల్లా ఘాటునంతా పీల్చి మా ముగ్గురి ముక్కుల్లోకి ఊదింది. నేను లెక్కపెట్టినంతవరకు అత్తయ్య నలభై తుమ్ములు తుమ్మింది, తరవాత నా తుమ్ముల్లో లెక్క తప్పింది. రోడ్డు పక్కన దిగి, బోరు కింద మొహాలు కడుక్కుని పోయేసరికి గంట కొట్టేశారు. అది రెండో ఆలస్యం.

అప్పుడు మావయ్య చేసిన పని మా వంశంలో తప్ప ఎవరూ చేయరు. ఘాటు రాకుండా, అత్తయ్య పాత వాయిల్ చీర నాలుగు మడతలు పెట్టి కూలరుకు అడ్డంగా కట్టాడు. ఘాటు ఆగింది. ఘాటుతోపాటు గాలీ ఆగుతుందని ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

మార్చి ఆఖరున ఒక పొద్దున, ఊరు ఇంకో కిలోమీటరుందనగా, మా మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఆగిపోయాయి. చివరి తీత పత్తి, అందరూ ఒక్కరోజే తెచ్చారు. రోడ్డుకు ఒక పక్క పత్తి బోరాలు, రెండో పక్క కాలవ. మధ్యలో బండి పట్టేంత జాగా ఉంది గానీ, ఆ సందులో మెల్లగా పోనిచ్చే బండి కాదు మాది. దూకితే కాలవలోకే. మావయ్య ఒకసారి కాలు ఆనించాడు, తీశాడు. మళ్లీ ఆనించాడు. మాడిన నూనె వాసన లోపలికొచ్చింది. అత్తయ్య వైపు ఓసారి చూసి ఇంజను ఆపేశాడు. బడి గంటకు ఇరవై నిమిషాలుంది. స్టీరింగు వదలకుండానే, "టీచర్ గారూ, ఆ గది సంగతి ఈరోజే మాట్లాడుకో" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అత్తయ్య సంచి భుజానికి తగిలించుకుంది, చెప్పులు చేత్తో పట్టుకుంది, తలుపు తీసి దిగింది.

"ఎక్కడికే?" అన్నాడు మావయ్య.

"బడికి. ఒరేయ్, ఆ క్యారేజీ పట్టుకుని రా" అంది నాతో.

పొలం గట్టెక్కి, పత్తికట్టెల మధ్యనుంచి అడ్డంపడి నడిచింది. మామూలుగా మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, నేను వెనక పరిగెడితే గానీ అందలేదు. చీర అంచుకు పల్లేరుకాయలు. మేం బడి గేటు దాటుతుండగా ప్యూను గంట మీద మొదటి దెబ్బ వేశాడు. ఆవిడ వెళ్లి సంతకం పెట్టింది.

కారు మరో ముప్పావుగంటకు వచ్చింది. మావయ్య గేటు దగ్గరే, చేయని హోంవర్కు ఒప్పుకోవడానికొచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఇంటర్వెల్లులో అత్తయ్య బయటికొచ్చింది.

"మూడైపోయాయి" అన్నాడాయన.

"ఏం మూడు? నేను వేళకే వచ్చాను, కావాలంటే రిజిస్టరు చూసుకోండి. ఆలస్యమైంది మీ బండి. దానికి ఈ బళ్లో ఉద్యోగం లేదు."

మావయ్య నవ్వబోయి నవ్వలేక, వంగి ఆవిడ చీర అంచుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీయడం మొదలెట్టాడు. పిల్లలు చూస్తున్నారు లేవండీ అంటూనే ఆవిడ కదలకుండా నిలబడింది. నేను మిల్లుకు ఆలస్యంగా పోయి తిట్లు తిన్నాను. అది వేరే సంగతి, నన్నెవరూ అడగలేదు కూడా.

తరవాత మావయ్య మామూలు కన్వర్టరు వేయించాడు. బండి బుద్ధిమంతురాలైంది, ఎవరి సాంబారు వాళ్ల క్యారేజీలోనే ఉండేది. ఆ బళ్లో ఉన్న మిగతా నాలుగేళ్లూ అత్తయ్య రోజూ ఆ దారినే పోయి వచ్చింది.

ఈమధ్య అటు పనిబడి వెళ్లాను. రోడ్డు వెడల్పు చేశారు, అయినా ఊరి ముందు కార్లు బారులు తీరి ఆగే ఉన్నాయి. అన్నిట్లోనూ అద్దాలు బిగించుకుని, చల్లగా, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. ముందు బండి కదిలినప్పుడల్లా కారు నెమ్మదిగా దానంతటది జరుగుతోంది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అత్తయ్య నడిచిన పొలంలో ప్లాట్లు వేశారు. చుట్టూ గోడ, గోడ మీద గాజుపెంకులు. ఎవరికోసమైనా దిగి అడ్డంపడి నడుద్దామన్నా, గట్టు లేదు.