వంతెన కింద వ్యాన్ పిన్ని

స్కూలు పిల్లలందరికీ ఆవిడ వ్యాన్ పిన్ని. వడ్రంగి పని చేసే భర్త నడుము దెబ్బతిని మంచం పట్టిన ఏడాది డ్రైవింగ్ నేర్చుకుంది. మొదట్లో బండి వెనక్కి తీయాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. తర్వాత తర్వాత ఎంత రద్దీలోనైనా సూదిలో దారం ఎక్కించినట్టు దూర్చేయడం అలవాటైంది. హారన్ మాత్రం కొట్టేది కాదు. "మనం మోగిస్తే ముందువాడికి రెక్కలొస్తాయా?" అనేది.

ఆ సాయంత్రం వంతెన కింద బళ్ళన్నీ ఇరుక్కుపోయాయి. పొగ, ఉక్క, ఆగకుండా హారన్లు. పిల్లలు ఆకలికి ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటున్నారు. సందు చూసుకుని దూసుకొచ్చిన ఒక మోటార్‌సైకిల్ వ్యాన్‌ని రాసుకుంది. తప్పు అతనిదే. అయినా బండి స్టాండు వేసి ఆవిడ కిటికీ దగ్గరికొచ్చాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా? దిగు."

"లోపల పిల్లలున్నారు బాబూ. బళ్ళు పక్కకి తీశాక మాట్లాడుకుందాం."

"నీతో నాకు మాటలేంటి?" అంటూనే లోపలికి చెయ్యి పెట్టి జుట్టు పట్టుకున్నాడు. తలని తలుపు అంచుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆవిడ నోట్లో ఉప్పగా రక్తం ఊరింది. అందిన అతని మణికట్టుని పంటితో పట్టేసింది. అతను కేక పెట్టి చెయ్యి లాక్కుని, హెల్మెట్‌తో వెనక కిటికీ మీద బాదాడు. అద్దం భళ్ళున పగిలి పిల్లల ఒళ్ళో రాలింది.

"పిన్నీ, రక్తం," అంది కిటికీ పక్క పిల్ల, ఏడవకుండా. ఆ పిల్ల కనుబొమ్మ చీలిపోయింది.

ఆవిడ సీటు కింద నుంచి చక్రాలు విప్పే ఇనప రాడ్డు లాగి దిగింది. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మోకాలి మీద. అతను బళ్ళ మధ్య కుప్పకూలాడు.

"అక్కా, వద్దక్కా," అన్నాడు.

అక్కా అన్నవాడిని ఆవిడ మళ్ళీ కొట్టింది. మళ్ళీ, మళ్ళీ. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు పైకెత్తి చూస్తున్నారు గాని ఒక్కరూ కదల్లేదు. ఆఖరికి వెనక బస్సు డ్రైవరు దిగొచ్చి నడుము పట్టి లాగాడు. ఆవిడ మోచెయ్యి తగిలి ఆయన పెదవి చిట్లింది.

"చాలమ్మా. చచ్చిపోతాడు."

అప్పుడు చూసింది. అతని మోకాలు వంగకూడని వైపు వంగి ఉంది.

పిల్లకి కుట్లు పడ్డాయి. అతనికి ఆపరేషన్ అయింది. అతని మీదా ఆవిడ మీదా కేసులు పెట్టారు. పిల్ల తల్లి వచ్చి ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. మిగతా తల్లిదండ్రుల్లో చాలామంది మాత్రం పిల్లల్ని వ్యాన్ మానిపించేశారు.

"మీ తప్పు లేదండీ. కానీ మావాడు నిద్దట్లో ఉలిక్కిపడుతున్నాడు," అన్నాడొక తండ్రి. ఆవిడకి కోపం రాలేదు.

"ముందు చెయ్యి చేసుకుంది వాడు కదా, నువ్వెందుకు తిండి మానేశావు?" అని అడిగాడు భర్త.

"మొదటి రెండు దెబ్బలూ పిల్ల కోసం కొట్టాను. ఆ తర్వాత కొడుతుంటే నాకు హాయిగా అనిపించింది. అదే భయమేస్తోంది."

ఆయన కంచం ఆవిడ వైపు జరిపాడు.

కేసులు రాజీ అయ్యాయి. ఆవిడ వ్యాన్ అమ్మేసి ఇప్పుడొక బట్టల దుకాణానికి సరుకు బండి నడుపుతోంది. దారి ఆ వంతెన కిందే. రద్దీలో ఎవరైనా కిటికీ మీద తడితే అద్దం దించదు. చూపు ముందుకే పెట్టుకుని, స్టీరింగ్‌ని రెండు చేతులా వేళ్ళు తెల్లబడేదాకా పట్టుకుని కూర్చుంటుంది.